ఇరవై ఖాళీ ఖాళీ ఫలకం గారికి

టెక్సస్ రాష్ట్రం, కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీవారి అమెరికన్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫలకం గారికి నమస్కారాలు. మీరు ఏ అల్మారాలో ఉన్నా ఈ ఉత్తరం చేరుతుందని ఆశ.

మిమ్మల్ని ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2017 డిసెంబరులో ఈ యూనివర్సిటీ జింబో ఫిషర్ అనే ఆయనను హెడ్ కోచ్‌గా తెచ్చుకుంది. ఆయన ఇంకా కుర్చీలో సర్దుకోకముందే ఛాన్సలర్ జాన్ షార్ప్ గారు మిమ్మల్ని చేయించి, సభ పెట్టి మరీ ఆయన చేతికిచ్చారు. మీ మీద 'జాతీయ ఛాంపియన్లు' అని దర్జాగా ఉంది. సంవత్సరం దగ్గర మాత్రం 20 అని వేసి, పక్కన రెండంకెల చోటు వదిలేశారు. గెలిచాక నింపుకోవచ్చని. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మా వైపు శంకుస్థాపన శిలాఫలకాల మీద తేదీ ఉంటుంది, ప్రాజెక్టు ఉండదు. మీ మీద ఆ తేదీ కూడా లేదు కాబట్టి మీరు వాటికంటే నిజాయితీపరులే. చెక్కినవాడి ముందుచూపునూ మెచ్చుకోవాలి. 20 అన్నాడు కాబట్టి 2099 దాకా గడువుంది.

ఫిషర్ గారు ఊరికే రాలేదు. పదేళ్ళ కాంట్రాక్టు, 75 మిలియన్ డాలర్లు, గెలిచినా ఓడినా పైసాతో సహా గ్యారంటీ. 2013 సీజన్‌లో ఫ్లోరిడా స్టేట్‌ను ఛాంపియన్‌ని చేసిన మనిషి. అక్కడ చివరి సీజన్ ఓటములతో నడుస్తుండగా, అది ముగియకముందే ఇటు బయలుదేరారు. ఆ తొందరలో ఫ్లోరిడా స్టేట్ ఉన్న టాలహాసీలో ఆయన ఇంటిముందు చెత్త బండి కోసం పడేసిన క్రిస్మస్ చెట్టు ఫొటో దేశమంతా తిరిగింది. ఇంకా డిసెంబరు మొదటి వారమే. పండక్కి మూడు వారాల ముందే చెట్టును వీధిలో పెట్టినాయన మన దగ్గర పదేళ్ళు కుదురుగా ఉంటాడా అని అప్పుడెవరూ అడగలేదు. ఆ తర్వాత మాత్రం ఆయన వెళ్ళిపోతాడేమో అన్నదే అందరి టెన్షనూ.

ఆ టెన్షన్ ఖరీదెంతో మీకంటే బాగా ఎవరికి తెలుసు? 2020లో జట్టు 9 గెలిచి 1 ఓడింది. జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో అప్పట్లో నాలుగు జట్లకే చోటు, మనవాళ్ళది అయిదో ర్యాంకు. అయినా బాగా ఆడారు, కాదనను. ఈలోగా ఫిషర్ గారిని ఇక్కడికి తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్ (క్రీడా విభాగం పెద్ద) స్కాట్ వుడ్‌వర్డ్ ఉద్యోగం మారి పక్క రాష్ట్రంలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే ఎల్.ఎస్.యు.లో చేరారు. తెచ్చినవాడే పట్టుకుపోతాడేమోనని మనవాళ్ళకు గుబులు పట్టుకుంది. 2021లో పాత కాంట్రాక్టు పక్కన పెట్టి మళ్ళీ 2031 దాకా కొత్తది రాశారు, ఏడాదికి 9 మిలియన్ల పైచిలుకు. అడిగినవాడు లేడు, వేలంపాట మాత్రం జరిగింది. పాడినవాళ్ళూ మనవాళ్ళే, పెంచినవాళ్ళూ మనవాళ్ళే.

ఆ శరదృతువులోనే ఆయన అలబామాను 41-38తో ఓడించి, తన పాత గురువు, అలబామా కోచ్ నిక్ సేబన్‌ను కొట్టిన మొదటి శిష్యుడయ్యారు. ఊరంతా పండగ. మీ దుమ్ము కూడా దులిపే ఉంటారు. మరుసటి ఏడు దేశంలోకెల్లా గొప్ప కుర్రాళ్ళ బ్యాచ్‌ని చేర్చుకున్నారు. అలాంటి బ్యాచ్ చరిత్రలోనే లేదన్నారు ర్యాంకులిచ్చేవాళ్ళు. సెప్టెంబరు 10న నార్త్ కరొలైనా కొండల నుంచి ఆపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టును పిలిచారు. ఇలాంటి ఆటలకు పెద్ద జట్లు డబ్బిచ్చి చిన్న జట్లను పిలుస్తాయి, వచ్చి ఓడిపోయి చెక్కు తీసుకెళ్ళడం రివాజు. ఈ చెక్కు 1.5 మిలియన్ డాలర్లు. తొంభై వేల మందికి పైగా చూస్తుండగా వాళ్ళు 17-14తో గెలిచి, చెక్కు కూడా తీసుకెళ్ళారు. ఆ సీజన్ 5 గెలుపులు, 7 ఓటములు.

2023 నవంబరు 11న మిసిసిపి స్టేట్‌ను 51-10తో చితక్కొట్టారు. మర్నాడు పొద్దున ఫిషర్ గారిని తీసేశారు. కాంట్రాక్టు ప్రకారం ఇవ్వాల్సింది సుమారు 76 మిలియన్ డాలర్లు, అప్పటి మారకంలో 600 కోట్ల రూపాయల పైమాటే. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకుముందు ఎవరినీ అంత ఖర్చు పెట్టి ఇంటికి పంపలేదు. అందులో 19 మిలియన్లు అరవై రోజుల్లో, మిగతాది ఏటా 7 మిలియన్లకు పైగా, 2031 వరకు. ఇంకోచోట ఉద్యోగంలో చేరినా ఒక్క డాలరూ తగ్గదు. పన్నుల సొమ్ము కాదు, క్రీడా విభాగం నిధులు, దాతల విరాళాలు అని పెద్దలు వెంటనే చెప్పారు. మంచిదే. ఎం.ఎస్. కోసం అప్పు చేసి వచ్చిన మన పిల్లలు ఫీజు వాయిదాల్లో కట్టే చోట, పని మానిపించిన మనిషికి యూనివర్సిటీయే వాయిదాలు కడుతుంటే చూడ్డానికి అదో సమానత్వం.

మీకంటే ముందు ఇక్కడ ఫలకాలు లేవనుకోకండి. 1939లో హోమర్ నార్టన్ జట్టు పదకొండుకు పదకొండూ గెలిచి నిజంగానే జాతీయ ఛాంపియన్ అయింది. అదే ఆఖరు. ఆ తర్వాత ఏమీ రాలేదు కాబట్టి మనవాళ్ళు వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నారు. డానా బైబిల్ కోచ్‌గా ఉన్న 1919, 1927 సంవత్సరాలు కూడా ఛాంపియన్‌షిప్‌లేనని 2012లో తమ లెక్కలో కలిపేసుకున్నారు. 1919లో ప్రత్యర్థులకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు కాబట్టి దావా గట్టిదే. కానీ చచ్చి స్వర్గానున్న బైబిల్ గారికి తొంభై మూడేళ్ళ తర్వాత కప్పు వచ్చిందంటే, మీరూ నిరాశపడనక్కర్లేదు.

1954లో బేర్ బ్రయంట్ కోచ్‌గా వచ్చాడు. రావడంతోనే కుర్రాళ్ళను కరువుతో ఎండిపోయిన జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్ళి, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పది రోజులు తోమాడు. చాలామంది రాత్రికి రాత్రే మూటాముల్లె సర్దుకున్నారు. ఆ సీజన్‌లో గెలిచింది ఒక్కటి, ఓడింది తొమ్మిది. ఇప్పుడైతే అక్టోబరు కల్లా చెక్కు రాసి పంపేవాళ్ళు. అప్పుడు ఉండనిచ్చారు, 1956లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అనే తమ లీగు గెలిచి చూపించాడు. ఆ మరుసటేడు అమ్మ పిలిచిందని, అంటే తాను చదివిన అలబామా యూనివర్సిటీ పిలిచిందని, వెళ్ళిపోయి, పేరంతా అక్కడే సంపాదించాడు. అంటే ఉంచుకోవాల్సినవాడికి కాంట్రాక్టు కాగితం అడ్డం రాలేదు, పంపేయాల్సినవాడికి మాత్రం ఉక్కు గోడలా నిలబడింది.

కోచ్ జాకీ షెరిల్‌కు 1982లో ఆరేళ్ళకు 1.7 మిలియన్లు ఇస్తే దేశం ముక్కున వేలేసుకుంది. ఫిషర్ గారికి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నందుకు నాలుగు నెలల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది.

ఇంకో కోచ్ ఆర్.సి. స్లోకమ్ గారి మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1989 నుంచి పద్నాలుగు సీజన్లు, 123 గెలుపులు, ఈ జట్టు చరిత్రలో ఏ కోచ్‌కూ అన్ని లేవు. గెలుపులకంటే ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. 2002 నవంబరులో నంబర్ వన్ ఓక్లహోమాను 30-26తో ఓడించారు. సీజన్ 6-6 దగ్గర ఆగింది. తీసేశారు. ఆయన స్థానంలో డెనిస్ ఫ్రాంకియోనీని తెచ్చారు. మరుసటి ఏడు అదే ఓక్లహోమా మీద స్కోరు ఎంతో చెప్పనా? 77-0. సున్నా మనది. ఈ ఫ్రాంకియోనీ హయాంలోనే కొందరు దాతలకు ఏడాదికి 1,200 డాలర్ల చందాతో రహస్య ఈమెయిల్ పత్రిక వెళ్ళేది, ఎవరికి మోకాలు నొప్పో, ఎవరు సరిగా ఆడటం లేదో అందులో ఉండేది. గుట్టు 2007లో బయటపడింది, ఆ సీజన్ చివర్లో ఆయన రాజీనామా చేశారు. తర్వాత మైక్ షెర్మన్, ఆ తర్వాత కెవిన్ సమ్లిన్. సమ్లిన్ మొదటి ఏడే జానీ మన్‌జెల్ అనే కుర్రాడితో దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ తెచ్చి, ఆ ఆనందంలో బాగా పెంచిన జీతంతో చివరికి 10 మిలియన్లు పుచ్చుకుని వెళ్ళారు. పది మిలియన్లు ఎక్కువనుకున్న అమాయకపు రోజులవి.

ఇప్పుడు మైక్ ఎల్కో. ఫిషర్ దగ్గరే పనిచేసినాయన. ఏడాదికి 7 మిలియన్లతో, అంటే ఇంటి దగ్గరున్న కోచ్‌కు కట్టే వాయిదా అంత జీతంతో చేరారు. ఆయనకు ఫలకం ఇవ్వలేదు. 2025లో వరసగా పదకొండు గెలిచి, మొదటిసారి ప్లేఆఫ్‌కు తీసుకెళ్ళారు. సొంత మైదానంలో మయామీ చేతిలో 10-3తో ఆగిపోయారు, అది వేరే సంగతి. సీజన్ ముగియకముందే కొత్త కాంట్రాక్టు మీద సంతకాలైపోయాయి, ఏడాదికి 11 మిలియన్లకు పైగా. మీరు కాస్త తలుపు చాటుకు జరగండి, ఎవరికీ కనబడకండి.

ఇట్లు,
మీ ఖాళీ అంకెల అభిమాని

తా.క.: 2025 అక్టోబరు 25న మన జట్టు ఎల్.ఎస్.యు.ను వాళ్ళ ఊళ్ళోనే 49-25తో ఓడించింది. మర్నాడు వాళ్ళు తమ కోచ్ బ్రయాన్ కెల్లీని తీసేశారు, బాకీ సుమారు 54 మిలియన్లు. ఆ పదేళ్ళ కాంట్రాక్టు ఇచ్చింది కూడా మన వుడ్‌వర్డ్ గారే. వారం తిరక్కుండా ఆయన పదవీ పోయింది. ఎల్.ఎస్.యు. ఉన్న ఊరు బేటన్ రూజ్ నుంచి ఎవరైనా మీ కొలతలు అడిగితే ఇవ్వకండి.