మూడు రోజుల్లో కత్తిసామా?

వేసవి సెలవులొస్తే ఈత, చెస్‌ల పక్కన కరాటే శిబిరం ఫ్లెక్సీ కట్టడం పాత సంగతే. ఇప్పుడు ఊరి బయట తోటల్లో గుడారాలు వేసి ‘నైఫ్ ఫైటింగ్’ నేర్పే శిబిరాల మోజు మొదలైంది. శుక్రవారం వెళ్తే ఆదివారం రాత్రికి సర్టిఫికెట్‌తో ఇంటికి రావచ్చు!

ఆరుబయట సాధనంటే మాకేం అభ్యంతరం లేదు. మన సాముగరిడీలు పెరిగిందే ఆరుబయట. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా అనే ఆయుధ విన్యాసాలు చూసినవాళ్లకు తెలుసు. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి, కింద పడుకున్న మరో మనిషి ఒంటిమీది కాయను కత్తితో రెండు ముక్కలు చేస్తాడు. పడుకున్నవాడు రెప్ప కూడా కదపడు. ఆ నమ్మకం ఏళ్ల తరబడి గురువు ముందు కర్ర తిప్పితే కుదిరింది.

కేరళ యుద్ధకళ కలరిపయట్టులో ముందు మెయ్‌తారి, అంటే ఒళ్లు స్వాధీనంలోకి తెచ్చుకోవడం. తర్వాత కోల్‌తారి, అంటే కర్ర. మూడో దశ అయిన అంకతారిలోగానీ బాకు, కత్తి చేతికి రావు. 2017లో పద్మశ్రీ అందుకున్న వడకర మీనాక్షి అమ్మ ఏడేళ్ల వయసులో ఈ దారి పట్టారు. ఫిలిప్పీన్స్ వాళ్లు 2009లో జాతీయ క్రీడగా ప్రకటించుకున్న యుద్ధకళ ఆర్నిస్‌లో వరస వేరు, ఆయుధం మొదట్లోనే ఇస్తారు. కాకపోతే అది పేముకర్ర.

శిబిరాల్లో చూపించే విన్యాసాలతో వచ్చిన చిక్కేమిటంటే, అక్కడ పొడవబోయేవాడు నెమ్మదిగా ఒక్కసారి చెయ్యి చాపి, పట్టుకోనిచ్చి ఆగిపోతాడు. వీధిలో ఎవడూ అలా ఆగడు. నిజాయతీ ఉన్న శిక్షకులు ఇద్దరికీ తెల్ల టీషర్టులు వేయించి, కత్తికి బదులు ఎర్ర మార్కర్ ఇస్తారు. నిమిషం తిరక్కుండా గెలిచినవాడి చొక్కా మీదా గీతలు పడతాయి. అప్పుడు చెబుతారు, వీలుంటే పరుగెత్తు అని. ఆ మాట పోస్టర్ మీద వేస్తే ఫీజులు రావు కాబోలు.

చట్టం సంగతీ చెప్పాలి. ఆత్మరక్షణ హక్కును భారతీయ న్యాయ సంహిత గుర్తిస్తూనే, అవసరానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్‌లో హద్దు గీసింది. ఇంటి, పొలం పనులకు చేసినవి కాకుండా, పిడి కాకుండా పదును భాగమే 9 అంగుళాలకు మించిన పొడవో 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల పరిధిలోకి వస్తాయి. శిబిరం నుంచి వచ్చిన కుర్రాడు ధైర్యంగా జేబులో కత్తి పెట్టుకుని తిరిగితే కోర్టు చుట్టూ తిరిగేది తల్లిదండ్రులే.

శిబిరాలు మూసేయాలని మేము అనడం లేదు. నేర్పేవారెవరో, ఎవరి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారో ముందుగా చెప్పాలి. సాధనకు రబ్బరు, చెక్క కత్తులే వాడాలి. ప్రథమ చికిత్స తెలిసిన మనిషి అక్కడే ఉండాలి. జిల్లా క్రీడాధికారుల దగ్గర నమోదు కాని శిబిరానికి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను అనుమతించకూడదు.

ఆడపిల్లల భద్రత పేరుతో ఈ శిబిరాలను సమర్థించేవారు సర్కారు బడి వైపు కూడా ఓసారి చూడాలి. సమగ్ర శిక్ష అనే కేంద్ర విద్యా పథకం కింద అక్కడి అమ్మాయిలకు ఆత్మరక్షణ నేర్పడానికి కేటాయించింది మూడు నెలలు, బడికి నెలకు రూ.5,000. ఆ మూడు నెలలను పూర్తి విద్యా సంవత్సరం చేసి, మాస్టారికి బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాం.