డెమోలో మెరిసి, సీజన్‌లో స్తంభించే తెరలు

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు బస్తాలు పోటెత్తిన రోజున అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలోని కంప్యూటర్ మీద పడే ఒత్తిడికి, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేటప్పుడు చూపించిన డెమోకు పొంతన ఉండదు. డెమోలో ఉండేవి పది పన్నెండు వరుసలు, గుండ్రటి మూలల బటన్లు, జారుతూ తెరుచుకునే మెనూలు. సీజన్‌లో ఉండేవి వేల లావాదేవీలు, కాంటా దగ్గర ఎదురుచూసే రైతులు, తల ఎత్తే తీరిక లేని గుమాస్తా. డెస్క్‌టాప్ తెరలో పనితనం ఎంతో తేలేది ఈ రెండో చోటే.

తెర స్తంభిస్తే పాత కంప్యూటర్‌ను తిట్టుకోవడం అలవాటు గానీ, చాలాసార్లు తప్పు ప్రోగ్రాం రాసిన తీరులో ఉంటుంది. విండోస్‌లో గానీ, తెరలు తయారుచేసేందుకు వాడే క్యూటీ, జావా స్వింగ్ లాంటి టూల్‌కిట్లలో గానీ బటన్లను గీయడం, మౌస్ క్లిక్కులను అందుకోవడం ఒకే థ్రెడ్ (ప్రోగ్రాంలో పనులను ఒకదాని తర్వాత ఒకటిగా చేసుకుపోయే పాయ) చూసుకుంటుంది. డేటాబేస్ నుంచి ఖాతా తెచ్చే పని కూడా దాని నెత్తినే పెడితే, అది ముగిసేదాకా తెర కదలదు. ఐదు సెకన్లపాటు స్పందన లేకపోతే విండోస్ ‘నాట్ రెస్పాండింగ్’ అని చూపిస్తుంది. అసలు చిక్కు ఆ లోపే మొదలవుతుంది. ఏమీ జరగలేదనుకుని గుమాస్తా ప్రింట్ బటన్‌ను మరో రెండుసార్లు నొక్కుతాడు. ఆ క్లిక్కులు క్యూలో నిలిచి, థ్రెడ్ ఖాళీ కాగానే ఒకదాని వెంట ఒకటి అమలవుతాయి. ఒకే రైతు పేరున మూడు తక్‌పట్టీలు (అమ్మకం లెక్కల చీటీలు) వస్తాయి. దీనికి విరుగుడు తెలియనిదేమీ కాదు: భారమైన పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించి ఫలితాన్ని మాత్రమే తెరకు చేరవేయడం, నొక్కిన మరుక్షణమే బటన్‌ను పనిచేయకుండా చేయడం, ప్రతి లావాదేవీకి ముందే ఒక సంఖ్య కేటాయించి అదే సంఖ్య మళ్లీ వస్తే డేటాబేస్ స్వీకరించకుండా చూడడం. స్పందన 0.1 సెకను లోపు ఉంటేనే మనిషికి అది తక్షణమని అనిపిస్తుందని, ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుందని కంప్యూటర్ వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లోనే రాశారు.

పొడవైన జాబితాల సంగతి ఇంతకంటే తేలిక. 20,000 వరుసలున్నా కంటికి కనిపించే ముప్పై నలభైని మాత్రమే గీసే వర్చువలైజేషన్ నేటి ప్రధాన టూల్‌కిట్లన్నిటిలో ఉంది, వాడుకోకపోవడం బద్ధకమే.

తెలుగు విషయంలో మాత్రం బద్ధకం కన్నా అలక్ష్యం ఎక్కువ. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తును బట్టి వరుస ఎత్తును పిక్సెళ్లలో బిగించేస్తే కింది ఒత్తులు తెగిపోతాయి. మల్లేశం కాస్తా మలేశం అవుతాడు, లక్ష్మి పేరు గుర్తుపట్టరాకుండా పోతుంది. అక్షరాలు పెద్దగా కనిపించేందుకు స్కేలింగ్ 125 శాతం పెట్టిన మానిటర్ మీద ఇది మరింత ముదురుతుంది. ఎత్తును ఫాంట్ కొలతల నుంచే లెక్కకట్టి, స్థలం చాలని పేరును కుదించేటప్పుడు అక్షరం మధ్యలో కాకుండా పూర్తి అక్షరం దగ్గర తెంచాలి. యూనికోడ్‌లో ‘క్ష్మి’ ఆరు సంకేతాల కూర్పు కాబట్టి, సంకేతాలను లెక్కపెట్టి కత్తిరించే ప్రోగ్రాం దాన్ని ముక్కలు చేస్తుంది.

మడికొండ ఐటీ పార్కు ఉన్న ఊళ్లో, నిట్ ఉన్న ఊళ్లో ఇవి తెలిసినవారు లేరనలేం. కొనేవారు అడగడం లేదు, అంతే. డబ్బు కట్టే ముందు అడ్తిదారు తన గత సీజన్ ఖాతా మొత్తాన్ని ఆ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించమని, తన దుకాణంలోని పాత మానిటర్ మీదే, మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతోనే ఒక తక్‌పట్టీ తీసి చూపించమని అడగవచ్చు. దానికి అరగంట కూడా పట్టదు.