తేలికైన డిటెక్టర్ అంటే ఏది? ఆ మెసేజ్‌కి నా జవాబు

డాలస్ చుట్టుపక్కల పిల్లల దగ్గర ఉంటున్న రిటైరైన తెలుగువాళ్లలో మెటల్ డిటెక్టర్ సరదా ఉన్నవాళ్లం కొంతమందిమి ఉన్నాం. పొద్దున్నే పార్కుకి వెళ్లి రెండు గంటలు తిరిగి, నాలుగు పాత నాణేలు, ఎవరిదో పోయిన ఉంగరం ఏదైనా దొరికితే ఆ రోజు పండగ. ఈ మధ్య మా మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ:

“అరవై దాటినవాళ్లు డిటెక్టర్ కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, బరువు. అన్నింటికన్నా తక్కువ గ్రాములున్నది కొనండి. కిలో దాటితే భుజం పోతుంది. పెద్ద కాయిల్ వేసుకుంటే తక్కువ ఊపులతో పని అయిపోతుంది. సెట్టింగులు ఉన్నవి మనకెందుకు, ఆన్ బటన్ ఒక్కటి ఉంటే చాలు. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తే ఊళ్లో పొలంలో కూడా వాడుకోవచ్చు.”

రాసినవారు మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ దీన్ని నమ్మి కొనేవాళ్లకి డబ్బు పోతుంది, కొందరికి ఒళ్లు కూడా పాడవుతుంది. చివరి మాట నమ్మితే పోలీసు కేసు దాకా వెళ్లొచ్చు. నాకు 68 ఏళ్లు, ఆరేళ్లుగా తిరుగుతున్నాను. ఇలాంటి సలహానే విని ఒక ఎండాకాలమంతా కుడి భుజం పట్టేసి ఇంట్లో కూర్చున్నాను. అందుకని ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. నీళ్ల బిందె చంకన పెట్టుకుని మన అమ్మలు చెరువు నుంచి ఇంటిదాకా నడిచేవారు. అదే మనిషికి చెంబెడు నీళ్లిచ్చి, చెయ్యి బారుగా చాపి పట్టుకోమంటే రెండు నిమిషాలకి భుజం లాగేస్తుంది. చెంబుకన్నా బిందె ఎన్నో రెట్లు బరువు. అయినా బిందె మోయగలిగారంటే అది ఒంటికి ఆని ఉండటం వల్లే. బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే అంత లాగుతుంది.

డిటెక్టర్‌కీ ఇదే లెక్క. చెయ్యి పిడి దగ్గర ఉంటుంది. కాయిల్, అంటే నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం, దాదాపు మీటరు ముందు, షాఫ్ట్ అనే పొడుగు గొట్టం చివర ఉంటుంది. మోచేతిని ఆనించుకునే కప్పు పిడికి వెనక అడుగు దూరంలో ఉంటుంది. పిడిని కావడి మోసే భుజం అనుకోండి. ముందు కాయిల్ దగ్గర 100 గ్రాములు పెరిగితే, దాన్ని తూచి నిలబెట్టడానికి వెనక మోచేతి దగ్గర 300 గ్రాములకు పైగా కావాలి. వెనక అంత బరువు లేకపోతే ఆ పని మణికట్టూ ముంజేయీ భుజమూ చెయ్యాలి. సెకనున్నరకి ఒక ఊపు చొప్పున వేసుకున్నా గంటకి 2,400 ఊపులు. రెండు గంటలు తిరిగితే ఎన్నో మీరే చూసుకోండి.

పెట్టె మీద అచ్చేసిన గ్రాములు ఈ సంగతి చెప్పవు. ఫిషర్ ఎఫ్75 అనే పాత మెషిన్ దాదాపు 1.6 కిలోలు. కానీ దాని బ్యాటరీలు మోచేతి కింద ఉంటాయి. అందుకే చేతిలో చక్కగా తూగుతుందని దానికి ఏళ్ల తరబడి పేరుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 దానికన్నా పావు కిలో తక్కువ, 1.34 కిలోలే. చాలా మంచి మెషిన్, నేను కాదనను. అయినా ముందువైపు బరువుగా ఉందనిపించి, మోచేతి కప్పు వెనక విడిగా బరువు తగిలించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. గ్రాములు తక్కువున్న మెషిన్‌కి జనం కావాలని గ్రాములు కలుపుకుంటున్నారంటే కారణం ఇదే.

నా భుజానికి జరిగిందీ అదే. నేను మొదట కొన్నది అప్పట్లో నా బడ్జెట్‌లో అన్నింటికన్నా తేలికైనది. బ్యాటరీ పెట్టె పిడికి ముందు ఉండేది. మూడు నెలలకి చెయ్యి పైకెత్తి చొక్కా తొడుక్కోవడం కూడా కష్టమైంది. ఫిజియోథెరపీ అయ్యాక, అదే మెషిన్‌కి వెనక చిన్న గుడ్డ సంచిలో 300 గ్రాముల ఇసుక కట్టాను. మెషిన్ బరువు పెరిగింది, నొప్పి మళ్లీ రాలేదు. షాఫ్ట్ పొడవు కూడా సరిచేసుకున్నాను. నిటారుగా నిలబడి, భుజం వదులుగా వదిలేసి, మోచెయ్యి కొంచెం మడిస్తే కాయిల్ నేలకి ఆనీ ఆనకుండా ఉండాలి. మనవాళ్లు చాలామంది షాఫ్ట్‌ని కొన్నప్పుడు ఎంత పొడవుందో అంతే ఉంచేసి, చెయ్యి ముందుకి చాపి ఊపుతుంటారు. అలా ఊపితే ఎంత తేలికైన మెషిన్ అయినా నొప్పి తప్పదు.

షాపులో చూడాల్సింది ఇది. మోచేతిని కప్పులో పెట్టకుండా, పిడిని వదులుగా పట్టుకోండి. కాయిల్ ఉన్న ముందు కొస దభీమని నేలకి వాలిపోతే అది మీకు బరువే, పెట్టె మీద ఏమున్నా సరే. మెల్లగా వాలితే మోచేతిని కప్పులో పెట్టి పది నిమిషాలు ఊపి చూడండి. షాపువాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

“కిలో దాటితే భుజం పోతుంది” అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు గానీ, ఈ గీత గీసుకుంటే కొనడానికి మిగిలేవి చాలా తక్కువ. గారెట్ ఏస్ 300 కిలోంపావు పైన. నోక్టా సింప్లెక్స్ ప్లస్ 1.3 కిలోలు. ఈక్వినాక్స్ 900 కూడా కిలోంపావు దాటుతుంది. మామూలు సరదాకి జనం కొనే మెషిన్లు ఎక్కువగా ఈ బరువులోనే ఉంటాయి. ఎక్స్‌పీ డియస్ 2 లాంటివి తేలికే. రిమోట్‌ని, అంటే స్క్రీనూ బటన్లూ ఉండే చిన్న పెట్టెని, నడుముకి తగిలించుకుంటే చేతిలో ఉండేది ముప్పావు కిలో దగ్గరే. దాని కాయిల్‌లోనే బ్యాటరీ ఉంటుంది, తీగలుండవు. కానీ రిమోట్‌తో కలిపి కొంటే వెయ్యి డాలర్ల పైమాటే. కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు. కొనలేనివాళ్లు ఈ మెసేజ్ చదివి “ఇక మన వల్ల కాదు” అనుకోనక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ ఇంజనీరు యూజెఫ్ కొసాట్స్కీ తయారుచేసిన మందుపాతరల డిటెక్టర్ బరువు 14 కిలోలకి కాస్త తక్కువ. 1942లో ఈజిప్టులోని ఎల్ అలమైన్ దగ్గర సైనికులు దాన్ని మోస్తూనే ఇసుకలో దారి చేశారు. వాళ్లు కుర్రవాళ్లు, మనం కాదు, నిజమే. కానీ ఈ రోజుకీ ఆస్ట్రేలియాలో బంగారం వెతికేవాళ్లు 3.3 కిలోల జీపీజెడ్ 7000 అనే డిటెక్టర్ పట్టుకుని రోజంతా తిరుగుతారు. వీపుకి పట్టీల జాకెట్ వేసుకుని, దాని నుంచి సాగే తాడుతో మెషిన్‌ని వేలాడదీస్తారు. బరువు భుజాలకీ నడుముకీ పంచుకుంటుంది, చెయ్యి పక్కకి తోస్తే చాలు. అలాంటి పట్టీలు చిన్న మెషిన్లకీ వాడుకోవచ్చు. భుజం ముందే అరిగిపోయినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

ఇక పెద్ద కాయిల్. ఒక్క ఊపుకి ఎక్కువ నేల వస్తుందన్నది నిజమే. అయితే పెరిగిన బరువంతా ఎక్కడ చేరుతుంది? చెయ్యికి అన్నింటికన్నా దూరంగా, షాఫ్ట్ కొసన. పైన వేసిన లెక్క చూడండి, అక్కడ ప్రతి గ్రామూ మూడింతలై లాగుతుంది. పైగా పార్కుల్లో కూల్‌డ్రింక్ డబ్బాల మూతలు, అల్యూమినియం రేకు ముక్కలు, మేకులు అడుగడుగునా ఉంటాయి. పెద్ద కాయిల్ కిందికి ఒకేసారి మూడు నాలుగు వస్తువులు వస్తే, చెత్త శబ్దంలో నాణెం శబ్దం కలిసిపోతుంది. ఆరంగుళాల చిన్న కాయిల్ లోతు కొంత తగ్గిస్తుంది, కానీ వాటిని విడదీసి వినిపిస్తుంది. నాకు పార్కుల్లో దొరికిన నాణేల్లో ఎక్కువ భాగం జానెడు లోతు లోపలివే. మా వయసు వాళ్లు లోతు కోసం పెద్ద కాయిల్ కొనుక్కోవడం నాకు అర్థం కాదు. అంత లోతు తవ్వాల్సింది కూడా మనమే కదా.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా కోపం తెప్పించిన మాట. “సెట్టింగులు మనకెందుకు.”

వయసు పెరిగేకొద్దీ మన చెవులు ముందు కోల్పోయేది సన్నని, కీచుగా ఉండే శబ్దాలని. లావు గొంతులు బాగానే వినిపిస్తాయి, అందుకే మనకి చెవులు తగ్గాయని చాలాకాలం తెలీదు. డిటెక్టర్లలో ఎక్కువ వాటికి ఇనుము అంటే లావు శబ్దం, వెండి అంటే సన్నని శబ్దం. అమెరికాలో 1964 దాకా వేసిన డైమ్‌లలో (పది సెంట్ల నాణేలు), క్వార్టర్లలో (పాతిక సెంట్లవి) 90 శాతం వెండి. మనం వెతికేదే వాటికోసం. అంటే మనకి కావలసిన వస్తువు పలికే గొంతే మన చెవికి అందకుండా పోతోంది.

ఇది నాకు మా మనవడి వల్ల తెలిసింది. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. నేను ఊపుకుంటూ ముందుకి వెళ్లిపోతుంటే వెనక నుంచి “తాతయ్యా, అక్కడ పిట్ట కూసినట్టు వచ్చింది కదా, ఆగవేం?” అన్నాడు. నాకు ఏమీ వినపడలేదు. వాడు చూపించిన చోట తవ్వితే 1950ల నాటి వెండి డైమ్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతకుముందు రెండేళ్లలో అలా ఎన్నింటి మీద నుంచి నడిచి వెళ్లిపోయానో!

దీనికి మందు సెట్టింగుల్లోనే ఉంది. కొన్ని మెషిన్లలో ఏ లోహానికి ఎంత సన్నని శబ్దం రావాలో మనమే మార్చుకోవచ్చు. ఈక్వినాక్స్ 800లో ఆ వీలుంది. వెండి శబ్దాన్ని నా చెవికి అందే స్థాయికి దించుకున్నాను, అంతే. ఒక్క బటన్ మెషిన్‌లో ఆ అవకాశం ఉండదు, కంపెనీ ఇచ్చిన శబ్దమే వినాలి. కాబట్టి పెద్దవాళ్లకే సెట్టింగులు ఎక్కువ అవసరం. అందరూ అన్నీ నేర్చుకోనక్కర్లేదు. ఒక్కసారి పిల్లల చేత పెట్టించుకుంటే మెషిన్ గుర్తుపెట్టుకుంటుంది. అంకెలు పెద్దవిగా కనిపించే స్క్రీన్, తీగ లేని హెడ్‌ఫోన్స్, ఈ రెండూ కూడా చూసుకోండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం కొనకముందే గుండె డాక్టర్‌ని అడగాలి. హెడ్‌ఫోన్స్‌లో అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి వాటిని తీసి ఛాతీ మీదకి వేలాడేసుకోకూడదు.

సముద్రం ఒడ్డుకి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే చౌక మెషిన్లు తడి ఉప్పు ఇసుకలో ఊరికే కూస్తుంటాయి. టెక్సస్ సముద్రతీరంలోని గాల్వెస్టన్ లాంటి చోట్లకి మల్టీ ఫ్రీక్వెన్సీ, అంటే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల మీద పనిచేసేదే పట్టుకెళ్లాలి.

ఆ మెసేజ్‌లో అసలు లేనిది తవ్వకం. ఊపడం కన్నా వంగడం, మోకాళ్ల మీద కూర్చోవడం, లేవడం, ఇవే మనల్ని అలసిపోయేలా చేస్తాయి. డాలస్ నేల మన గుంటూరు వైపు నల్లరేగడి లాంటిదే. ఎండాకాలం నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది, వాన పడితే పారకి అతుక్కుని ఊడిరాదు. డిటెక్టర్‌లో 200 గ్రాములు తగ్గించడానికి పెట్టే డబ్బులో కొంత తీసి పిన్‌పాయింటర్ కొనండి. జానెడు పొడవున కర్రలా ఉండే చిన్న సాధనం అది. గుంటలో పెడితే నాణెం ఏ పక్కన ఉందో చెప్తుంది, మోకాళ్ల మీద ఉండే సమయం బాగా తగ్గిపోతుంది. మోకాళ్లకి మెత్తలు, పొడుగు పిడి ఉన్న పార కూడా తీసుకోండి. వానలు పడి నేల మెత్తబడిన రెండు మూడు రోజులకి వెళ్తే సగం శ్రమ తప్పుతుంది.

అసలు తవ్వడం ఎప్పుడు ఆపాలో తెలిసినవాళ్లు మన వయసువాళ్లలోనే ఉన్నారు. ఇంగ్లండ్‌లో 1992లో ఎరిక్ లాస్ అనే రిటైరైన పెద్దమనిషి, స్నేహితుడు పొలంలో పోగొట్టుకున్న సుత్తి కోసం వెతుకుతుంటే హాక్స్‌న్ దగ్గర రోమన్ కాలం నాటి నిధి తగిలింది. కొంత తీశాక ఆగిపోయి అధికారులకి చెప్పాడు. 2010లో ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్‌కి 52,503 నాణేలున్న కుండ దొరికినప్పుడు ఆయన వయసు 63. ఆయనా పైన కొన్ని చూడగానే తవ్వడం ఆపేసి పురావస్తు నిపుణులని పిలిపించాడు. అక్కడ నిధి దొరికితే తెలియజేయాలనే 1996 నాటి ట్రెజర్ చట్టం ఉంది, పొలం యజమాని అనుమతి కూడా ముందే తీసుకోవాలి. అమెరికాలో నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటం మాట అటుంచి, వెంట ఉంచుకోవడమే నిషేధం. సిటీ పార్కుల నిబంధనలు ఊరికో రకం, వెళ్లేముందు అడగాలి.

ఇక ఊళ్లో పొలంలో వాడుకోవచ్చన్న మాట. దయచేసి దీన్ని ఎవరికీ పంపొద్దు. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాచిన, పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి తెలియజేయాలి. సొంత పొలమైనా ఇదే మాట. చెప్పకుండా దాచుకుంటే శిక్ష ఉంది. వందేళ్లు దాటిన వస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం విడిగా నేరం. అన్నింటికీ మించి, గుప్తనిధుల పేరుతో పాత గుళ్లు తవ్వేసి, విగ్రహాలు పెకలించేసే ముఠాల వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ వస్తూనే ఉంటాయి. అలాంటి చోట ఎవరో పెద్దాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పొలంలో డిటెక్టర్ ఊపుతుంటే ఊరివాళ్లు ఏమనుకుంటారు? పోలీసులకి ఫోన్ చేస్తారు. చెయ్యాలి కూడా.

నేను ఏటా సంక్రాంతికి ఊరెళ్తాను. మెషిన్ ఇక్కడ గరాజ్‌లో, బ్యాటరీలు తీసి, గోడకి ఆనించి ఉంటుంది.