చేట ముందు సీరియల్

మా పెద్దమ్మది మెట్‌పల్లి. ఒళ్లో చేట పెట్టుకుని పొద్దుగూకేదాకా బీడీలు చుట్టేది. ఎండాకాలం సెలవుల్లో హనుమకొండ నుంచి నేను పోతే, వాకిట్లో వేపచెట్టు కింద ఐదారుగురు ఆడవాళ్లు తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ కనిపించేవాళ్లు. పాత వారపత్రికలు తెచ్చి వాళ్లకు సీరియల్ చదివి వినిపించడం నా పని. ఎక్కడైనా నాలుగు లైన్లు ఎగ్గొడితే పెద్దమ్మ పట్టేసేది. "ఆగు బిడ్డా, ఆమె తల్లిగారింటికి పోత అన్నది గదా, పోయిందా లేదా?" వాళ్లలో అక్షరాలొచ్చినవాళ్లు ఇద్దరే. కథ మాత్రం అందరికీ గుర్తే. చేతులకు తీరిక లేదు, చెవులకుంది.

ఇక్కడ అమెరికాలో మా పేట లైబ్రరీలో శనివారం పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చదివే లైబ్రేరియన్‌ను చూస్తే నాకు ఆ వాకిలే కళ్లముందుకొస్తుంది.

ఇక్కడున్న మనవాళ్ల సంఘం సొంతూళ్ల గ్రంథాలయాలకు పుస్తకాలు పంపుతున్నది. ఈసారి ఆ డబ్బులో సగమన్నా చదివి వినిపించే మనుషులకు ఇవ్వాలని నా విన్నపం. కిందటేడు మన వైపే ఒక గ్రంథాలయంలో సాహిత్య సభకు వెళ్లాను. శాలువాలు కప్పారు, ఉపన్యాసాలిచ్చారు, కొత్త పుస్తకం ఆవిష్కరించారు. రెండు గంటల్లో ఆ పుస్తకంలోంచి ఒక్క పేజీ ఎవరూ చదవలేదు. గోడవారన మనలాంటివాళ్లు పంపిన అట్టపెట్టెలు విప్పకుండానే ఉన్నాయి. నాకు బాధేసింది.

మన గడ్డ మీద గ్రంథాలయం ఇట్లా మొదలుకాలేదు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది 1904లో. సర్కారు బడిలో, కచేరీలో ఉర్దూ నడిచే కాలమది. తెలుగు చదవాలన్నా, నలుగురితో తెలుగులో మాట్లాడుకోవాలన్నా ఒక చోటు కావలసివచ్చింది. తర్వాతి కాలంలో కాళోజీ వంటివారి మిత్రమండలిలోనూ రాసినవాళ్లు తాము రాసింది చదివేవాళ్లు, మిగిలినవాళ్లు వినేవాళ్లు. అదే సభ.

ఇప్పుడు గ్రంథాలయాలకు ఎవరూ రావడంలేదనేవాళ్లు ఒకసారి పొద్దున్నే వెళ్లి చూడాలి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు టిఫిన్ డబ్బా తెచ్చుకుని చీకటిపడేదాకా కూర్చుంటారు. వీళ్ల వల్ల కథల పుస్తకం చదువుకునేవాళ్లకు కుర్చీ దొరకడంలేదని కొందరు విసుక్కుంటారు. నేనొప్పుకోను. ఆ పిల్లలకంటే నమ్మకమైన పాఠకులు మనకెక్కడ దొరుకుతారు? వాళ్ల సిలబస్‌లో తెలంగాణ సాహిత్యం ఉంది. బమ్మెర పోతన, పాల్కురికి సోమన పేర్లను బిట్లకోసం బట్టీ పడుతున్నారు. వాళ్లలో ఇద్దరికి నెలనెలా కొంత ఇచ్చి, ఆదివారం సాయంత్రం ఒక గంట గొంతెత్తి చదవమందాం. లోపల చదువుకునేవాళ్లకు ఇబ్బందైతే వరండాలో, లేదంటే బీడీలు చుట్టే వాడకట్టులోనే. ఏం చదవాలో వినేవాళ్లే చెప్తారు. నచ్చకపోతే అదీ చెప్తారు, మా పెద్దమ్మ నాకు చెప్పినట్టు.

ఇంకొక సంగతి. మన ఇంటి ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వరంగల్‌లో, కరీంనగర్‌లో ఇళ్లున్న మనలో చాలామంది ఆ పన్ను ఇక్కడినుంచే ఆన్‌లైన్‌లో కడుతున్నాం. ఆ పైసలు చేరాయా అని అడిగే హక్కు మనకుంది, అడగాలి కూడా. లైబ్రేరియన్ జీతం, పత్రికల బిల్లు మన విరాళం మీద ఆధారపడకూడదు. మన డబ్బు ఆ పైన జరిగే పనికే.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం నేను మెట్‌పల్లిలో ఉంటాను. పెద్దమ్మకు చూపు ఆనడంలేదు, బీడీలు మానేసి చాలా ఏళ్లయింది. మొన్న ఫోన్‌లో సంగతి చెప్తే, "ఏం సదువుతవో ముందుగాల్నే చెప్పు బిడ్డా, వాడకట్టోళ్లను పిలుస్త" అన్నది.