కిరాయి ఇల్లు ఖాళీ చేసిన మర్నాడు ఎక్కడుండాలి?

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఒక కుటుంబం ఉన్నపళంగా రోడ్డున పడితే, మళ్లీ నిలదొక్కుకునే దాకా ఎక్కడ తలదాచుకోవాలి? చుట్టాలింట్లో. వాళ్లు నాలుగు రోజులకే మొహం మాడ్చుకుంటే బస్టాండులో.

మన దగ్గర కిరాయి ఇంట్లో ఉన్న మనిషి చచ్చిపోతే శవాన్ని గడప తొక్కనియ్యరు. ఇది తెలియనివాళ్లు లేరు. మా కాలనీలో పోయిన వానాకాలం ఒక ఆటో డ్రైవర్ చనిపోయాడు. దవాఖాన నుంచి తెచ్చి రోడ్డు పక్కన టెంటు కింద ఫ్రీజర్ బాక్సులో పెట్టారు. జల్లు కొడుతుంటే ఇద్దరు పిల్లలూ ఆ బాక్సు మీద పట్టా పట్టుకుని నిలబడ్డారు. దినాలు కాకముందే ఓనర్ ఖాళీ చేయమన్నాడు. అతని భార్య బట్టల షాపులో పనిచేస్తుంది, నెలనెలా కిరాయి కట్టగలదు. కానీ ఎక్కడికెళ్లినా ముందు మూడు నెలల అడ్వాన్సు అడిగారు, ఆ తర్వాత మగదిక్కు ఎవరని అడిగారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది.

ముంబైకో పుణెకో వలసపోయి, తిరిగొచ్చేసరికి మట్టిమిద్దె కూలిపోయిన పాలమూరు కూలీలదీ ఇదే బాధ. ఇందిరమ్మ ఇల్లు వచ్చిందని ఉన్న ఇల్లు కూల్చుకున్నవాళ్లూ అంతే. సర్కారు ఇచ్చేది మొత్తం 5 లక్షలు, అందులో మొదటి లక్ష బేస్‌మెంట్ లేచాకే. స్లాబు పడేదాకా కవరు గుడిసెలో ముసలివాళ్లతో, పసిపిల్లలతో ఉంటున్నారు.

పట్టణాల్లో ఇల్లు లేనివాళ్ల కోసం లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల నాటికే ఈ రెండు ఊళ్లూ లక్ష దాటాయి. కేంద్రం తెచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్ గైడ్‌లైన్స్‌లో మనిషికి 50 చదరపు అడుగులని ఉంది, కుటుంబాల కోసం విడిగా షెల్టర్లు కట్టొచ్చనీ ఉంది. కానీ షెల్టర్ అనగానే మన అధికారులకు గుర్తొచ్చేది వరసగా మంచాలేసిన హాలే. మొగుడు ఒక హాల్లో, పెళ్లాం ఇంకో హాల్లో. పన్నెండేళ్ల పిల్లగాణ్ని తల్లి ఎక్కడ పండబెట్టుకోవాలి?

గదులు కట్టండి. లోపల గడియ, పొయ్యికి గట్టు, పక్కనే బాత్రూమ్. ఆరు నెలల గడువు పెట్టండి. రెండో నెల నుంచి చేతనైనంత కిరాయి తీసుకోండి. నిర్వహణ మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలకు అప్పగించండి. ముఖ్యంగా ఊరవతల గుట్టల దగ్గర కట్టకండి. పిల్లల బడి, తల్లి పని రెండూ ఊళ్లోనే ఉంటాయి.

"ఒకసారి ఇస్తే ఖాళీ చేయరు" అంటారు. ఆ టెన్షన్ ఉంటే అగ్రిమెంట్ రాసుకోండి, ఈలోపు వాళ్లకు కిరాయి ఇల్లు వెతికిపెట్టే మనిషిని, అడ్వాన్సుకు చిన్న అప్పును చూడండి. పోయే చోటు దొరికితే ఒక్క గదిలో ఎవరుంటారు?

మీ వార్డుకు ఎవరైనా లీడర్ వస్తే సీసీ రోడ్డుతో పాటు ఇదీ అడగండి: మున్సిపల్ స్థలంలో ఇరవై గదులు ఎప్పుడు కడతారు, ఏ సర్వే నంబర్‌లో కడతారు?