సీ గారూ, లుక్ గారూ, వాచ్ గారూ... ఒకసారి ఇటు చూడండి

శ్రీయుత సీ, లుక్, వాచ్ గార్లకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మా ఇంట్లో ‘చూడు’ ఒక్కడే. తెల్లారిన దగ్గర్నుంచి చాకిరీ అంతా వాడిదే. పాలు పొంగకుండా చూస్తాడు, పంచాంగంలో వర్జ్యం చూస్తాడు, నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూస్తాడు, పిల్లకు సంబంధాలు చూస్తాడు, రాత్రికి సీరియల్ కూడా వాడే చూస్తాడు. జీతం పెంచమని ఏనాడూ అడగలేదు. మీరేమో ముగ్గురుండి, ఒకరి పని ఇంకొకరు ముట్టరు.

ఆరో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు మిమ్మల్ని ఒకే గాటన కట్టేశారు. సీ అంటే చూచుట, లుక్ అంటే చూచుట, వాచ్ అంటే చూచుట. ఆపైన సీ-సా-సీన్ వందసార్లు రాయించారు. సా అంటే రంపం కూడానని తర్వాత తెలిసింది. అది కోసేది నన్నేనని ఇంకా తర్వాత తెలిసింది.

ఎక్కడంటే డాలస్‌లో. మా మేనేజరు వాళ్లావిడ సాయంత్రాలు మా పార్కులోనే నడుస్తుంది. మర్యాదకు ఆ మాట చెబుదామని మీటింగులో ‘ఐ యామ్ సీయింగ్ యువర్ వైఫ్ ఎవ్రీ ఈవినింగ్’ అన్నాను. తొమ్మిది మంది నోళ్లు ఒక్కసారి మూతపడ్డాయి. సీ గారూ, మామూలుగా మీకు ఐఎన్‌జీ తగిలించకూడదనీ, మనిషికి తగిలిస్తే ప్రేమాయణం అయిపోతుందనీ ముందే ఒక ముక్క చెప్పొచ్చు కదా! పోనీ అదైనా ఖాయమా అంటే, డాక్టరుకు చూపించుకుంటున్నా మళ్లీ సీయింగే.

లుక్ గారిది ఇంకో తంతు. పక్కన ‘ఎట్’ లేనిదే ఎవరి వంకా కన్నెత్తరు. ‘ఫర్’ వస్తే వెతుకుతారు, ‘ఆఫ్టర్’ వస్తే పిల్లల్ని ఎత్తుకుంటారు, ‘డౌన్ ఆన్’ వస్తే మనల్ని చిన్నచూపు చూస్తారు.

వాచ్ గారూ, మీరు కదిలేవాటినే కాసేపు నిలబడి చూస్తారట. క్రికెట్టు మీదే, టీవీ మీదే. హాలుకెళ్లి చూసొచ్చిన సినిమా దగ్గర మాత్రం సీ గారితో పొత్తు. అసలు మీరూ ‘వేక్’ గారూ ఒకే మూలం నుంచి వచ్చిన దాయాదులనీ, రాత్రంతా మేలుకొని కాపలా కాసేవాడే వాచ్‌మన్ అనీ ఈమధ్య తెలిసింది. హైదరాబాదు వెళ్లినప్పుడు ఈ సంగతి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చెప్పాను. లేపి మరీ చెప్పాను.

ఇక స్టేర్, గ్లేర్, గ్లాన్స్, గేజ్, పీప్ అని మీ చుట్టాలు ఇంకో బండెడు. మా వాడు ఒక్కడే ఆ వేషాలన్నీ వేస్తాడు. గుడ్లప్పగించి చూస్తాడు, కొరకొరా చూస్తాడు, ఓరకంట చూస్తాడు, తేరిపార చూస్తాడు, అవసరమైతే తొంగి చూస్తాడు.

అయితే తప్పంతా మీ మీదే తోసెయ్యలేను. మాకూ ‘కనబడు’ అని ఒకడున్నాడు. మనం పనిగట్టుకుని కళ్లు తిప్పితే చూడటం, కళ్లు తెరవగానే దానంతటది పడితే కనబడటం. అంటే మొదటిది లుక్ గారి పని, రెండోది చాలావరకు సీ గారి పని. మాస్టారు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నాకు మేనేజరు ముందు అంత టెన్షన్ ఉండేది కాదు.

ఈ తేడా నాకు తెలిసింది మా అబ్బాయి వల్ల. ఏడేళ్లు, డాలస్‌లోనే పుట్టాడు. మొన్న మా అమ్మ వచ్చినప్పుడు సాంబారు కలుపుతూ ‘ఉప్పు సరిపోయిందేమో చూడరా నాన్నా’ అంది. వాడు స్టూలెక్కి గిన్నె మీదికి వంగాడు. ఆవిరికి కళ్లజోడు మసకబారితే చొక్కాతో తుడుచుకుని మళ్లీ వంగాడు.

‘చూశాను నానమ్మా. కనబడలేదు.’

మా అమ్మ ఇంకో చెంచాడు వేసింది.

ఇట్లు,
ఆ సాంబారు తిన్నవాడు