సవరణ: వాట్సాప్ బటన్ నొక్కితే మీ నంబర్ తెలుస్తుంది

గుంటూరులో మహిళలకు న్యాయ సలహాలిచ్చే మా వాలంటీర్ల వెబ్‌సైట్ గురించి మొన్న రాస్తూ, వాట్సాప్ బటన్ నొక్కి అడిగినా, సైట్‌లోని చాట్ పెట్టెలో అడిగినా మీ నంబర్ ఎవరికీ కనిపించదన్నాను. చాట్ పెట్టె వరకే అది నిజం. అందులో అడిగిన ప్రశ్నను సర్వర్ ఒక తాత్కాలిక గుర్తుతో మా టెలిగ్రామ్‌కు పంపుతుంది, జవాబు అదే దారిన తిరిగొస్తుంది. వాట్సాప్ బటన్ అలా కాదు. మీ సొంత వాట్సాప్ తెరుచుకుంటుంది, మెసేజ్ పంపగానే నంబర్ మా ఫోన్‌లో పడుతుంది. పైగా ఆ సంభాషణ మీ ఫోన్‌లోనూ ఉండిపోతుంది. ఇంట్లో ఫోన్ వేరేవాళ్లు చూస్తారని టెన్షన్ పడేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. వాట్సాప్ సహాయ పేజీలు చదివి, ఇంకో ఫోన్‌తో పరీక్షించాకే ఇది రాస్తున్నాను. ముందే సరిచూడకపోవడం నా తప్పు. ఆ బటన్ పక్కన ‘నంబర్ కనిపిస్తుంది’ అని ఇవాళే చేర్చాం.